యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరము గోదావరి డెల్టాలోని పట్టణము. చుట్టును కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు ఆ యూర జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానము పెద్దది, ఆదాయము చిన్నది. తండ్రి ఆరోగ్యము చెడినందున ఆ యింట లేమి నానాటికి హెచ్చెను.

బాల్యమున సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశికి పోయి, అచ్చటి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెనట. తల్లి నడిదారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చెను. వెంకమ్మ మిగుల కఠినముగ నుండునది. భర్త మరణించిన పిమ్మట కూడ ఆమె కుమారుని చదువు విషయమున పట్టు సడలింపలేదు. తన నగలను అమ్మి అతనిని రాజమహేంద్రవరమునకు పంపెనని చెప్పుదురు. అంత చేసినను అతడు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పెను. మూడవమారు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి వ్రాసి కృతార్థుడయ్యెను. తరువాతి కాలమున ప్రపంచములోని వైద్యులందరు వాడుకొన్న మందులకు మూలపురుషుడైన వాడు ఒక పాఠశాల పరీక్షలో రెండేండ్లు చిక్కుకొనియుండెనన్నచో నమ్ముట కష్టము.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనసు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్యసించి సేవ చేయవలెనని కోరెను. తల్లి అనుమతి లేనిదే దీక్ష యీయుటకు మఠమువారు అంగీకరింపలేదు, తల్లి అనుమతింపలేదు. వైద్యము నేర్చినచో సేవ చేయుటకు మార్గము దొరకునని పెద్దలు చెప్పగా, ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమయ్యెను. చదువు ఖర్చులకు మామగారే తోడ్పడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు విదేశీవస్త్రములను విడిచి ఖద్దరు ధరింపసాగెను. శస్త్రచికిత్స శాలలోనికి కూడ ఖద్దరు అంగీతోనే వెళ్లెను. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో సుబ్బారావు బాగుగ నెగ్గినను, కడపట ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు; అంతకు తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కెను. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకుట దుర్లభము.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. మన వైద్యులు సంగ్రహణి యని చెప్పు రోగమునకు ఇది దగ్గరిది. ఈ వ్యాధి వచ్చినవాని ప్రేగులు తిన్న ఆహారములోని సారమును పీల్చుకొనలేవు. విరేచనములు ఆగవు. నాలుక పుండువలె ఎఱ్ఱబారును. రక్తము క్షీణించును. ఎదుట అన్నమున్నను మనిషి ఆకలిచే చచ్చువానివలె కృశించిపోవును. ఆ కాలపు పాశ్చాత్య వైద్యమునందు దీనికి మందు లేదు. సుబ్బారావునకును అదే వ్యాధి సోకెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన ఆయన బ్రతికెను. ఆ కృతజ్ఞతతోనే కావచ్చును, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు చేరెను. అయినను సోదరులను చంపిన రోగము ఏమిటి, దేనివలన వచ్చును, దేనివలన పోవును అను ప్రశ్న ఆయనను విడువలేదు.

ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదువుటకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము మేటి యని విని ఆయన అచ్చటికి పోవ నిశ్చయించెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారును ధనసహాయము చేసిరి. గర్భవతియైన భార్యను పుట్టినింట విడిచి, మూడేండ్లలో తిరిగివత్తునని చెప్పి బయలుదేరి, 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరెను. ఆ మూడేండ్లు ఎన్నడును ముగియలేదు. ఇచ్చట పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. తండ్రి వానిని చూడనే లేదు.

బోస్టనులో సుబ్బారావు వద్ద పట్టము గలదు గాని దానికి విలువ లేదు. వైద్యుడుగ పనిచేయుటకు అర్హత లేనందున ఆయన పీటర్ బెంట్ బ్రిగమ్ వైద్యశాలలో రాత్రివేళ కూలిపనికి కుదురుకొనెను. రోగుల మలమూత్రపు పళ్లెములను తీసి కడుగుట ఆ పనిలో భాగము. పగలు ఉష్ణదేశ వైద్యపాఠములు, రాత్రి పళ్లెములు. ఆ విధముగనే ఆయన డిప్లొమా సంపాదించి, తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద చేరెను.

ఫిస్కే ఆయనకు అప్పగించిన పని చూచుటకు చిన్నది. రక్తములో, మూత్రములో భాస్వర మెంత గలదో కొలుచుటకు సులభమైన పద్ధతి కనుగొనవలెను. ఎముకలకు, కండరములకు, ప్రతి కణమునకు భాస్వరము కావలెను. దాని కొలత తప్పినచో రోగనిర్ణయమే తప్పును. అప్పటి పద్ధతులు దీర్ఘములు, నమ్మరానివి. సుబ్బారావు పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును చేర్చి, పిదప మరియొక రసాయనముచే దానిని నీలిరంగునకు తిప్పెను. భాస్వర మెంత యెక్కువగ నున్నచో ఆ నీలము అంత చిక్కనగును. రంగు చిక్కదనము చూచి కొలత చెప్పవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతికి ఫిస్కే, సుబ్బారావుల పేరే నిలిచెను. ఇప్పటి జీవరసాయన విద్యార్థులు కూడ దానిని నేర్చుకొందురు.

మంచి త్రాసు చేతికి వచ్చినచో, అంతకుముందు తూచుటకు వీలుకాని వస్తువులు కూడ తూకమునకు వచ్చును. ఈ పద్ధతితో కండరములలోని భాస్వరమును కొలుచుచుండగా, వారికొక వింత కనబడెను. నీలిరంగు తేలవలసిన వేగమున తేలక, నెమ్మదిగ చిక్కబడుచుండెను. మరియొకరైనచో పరీక్ష చెడినదని పారబోసియుందురు. వీరు దాని వెంటబడి, భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో కలిసి కండరములో దాగియున్నదని 1927లో చూపిరి. కండరము పనిచేయునపుడు ఆ బంధము విడిపోవును. విశ్రాంతి దొరకగనే తిరిగి అమరును. 1929లో ఏ.టి.పి. అను మరియొక భాస్వర పదార్థమును వెలికిదీసిరి. అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని వేరుగ కనుగొనెను. మనము చేయి కదపుటకు, గుండె కొట్టుకొనుటకు, చెట్టు చిగురించుటకు కావలసిన శక్తిని ప్రతి కణమును ఖర్చుపెట్టుకొను చిల్లరనాణెము ఈ ఏ.టి.పి. యే. కండరములను గూర్చిన పాఠ్యగ్రంథములను తిరిగి వ్రాయవలసి వచ్చెను.

1930లో సుబ్బారావునకు డాక్టరు పట్టము లభించెను. కాని స్థిరమైన ఆచార్యపదవి మాత్రము లభింపలేదు. ఆయన మితభాషి, తన పని తన పేర చాటుకొను నేర్పు లేనివాడు. అది సుగుణమని మనవారు పొగడుదురు గాని, దానివలన ఆయనకు జరిగిన నష్టము తక్కువది కాదు. తుదకు 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను గ్రామముననున్న లెడర్లీ మందుల సంస్థలో చేరెను. కొలది కాలములోనే అచ్చటి పరిశోధనల కన్నింటికి అధిపతి యయ్యెను.

ఇప్పుడు ఆయన చేతిలో ధనము, యంత్రములు, ఎందరో రసాయనవేత్తలు కలరు. మద్రాసులో మిగిలిపోయిన పాతప్రశ్న మరల ముందునకు వచ్చెను. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బొంబాయిలోని గర్భవతులైన స్త్రీలకు కలుగు ఒకవిధమైన రక్తహీనత, ఈస్టు సారమును తినిపించినచో తగ్గుచున్నదని చూపియుండెను. ఆ సారములోని గుణవంతమైన వస్తువేదో తెలియదు. కాలేయమునందును అది గలదు. 1941లో అమెరికాలోని మరికొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆవగింజంత పదార్థమును తీసి, ఆకునుండి వచ్చినది గావున దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఆకునకు ఫోలియమని పేరు. టన్నులకొలది కూరనుండి చిటికెడు వచ్చు మందు ఏ రోగికి అందును? దాని నిర్మాణము తెలిసికొని, కర్మాగారములో తయారు చేయవలెను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఆ పని 1945లో సాధించిరి. ఆ మందు వైద్యులకు చేరగనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూచిరి. నాలుక మానెను, రక్తము పట్టెను, ఆకలి పుట్టెను. సోదరులు పోయిన ఇన్నేండ్లకు ఆయన వెదకిన మందు దొరకెను. పాఠశాలలో వారమున కొకసారి మీకిచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

కథ ఇచ్చట ముగిసినను గొప్పదే యగును. కాని అసలు చిక్కు ఇచ్చటనే ఆరంభమయ్యెను.

మన శరీరములోని రక్తకణములు ఎముకల మూలుగలో పుట్టును. అవి అవసరమైనంత మాత్రమే పుట్టి, వయసు తీరగనే చనిపోవును. ఒక్కొకప్పుడు ఒక తెల్లకణము ఈ కట్టుబాటును తెంచుకొనును. అది చావవలసినపుడు చావక, ఆగవలసినచోట ఆగక, ఒకటి రెండై, రెండు నాలుగై మూలుగనంతటిని ఆక్రమించును. ఎఱ్ఱకణములకు చోటుండదు. బిడ్డ పాలిపోవును, చిన్న గాయమైనను రక్తము కట్టదు, జ్వరము విడువదు. ఇదియే రక్త క్యాన్సరు. 1940వ దశకమున ఈ వ్యాధి సోకిన బిడ్డ కొలది వారములలో, మహా యయినచో కొలది నెలలలో, మరణించెడిది. వైద్యుడు చేయగలిగినది తల్లిదండ్రులకు ఆ మాట చెప్పుట మాత్రమే.

బోస్టను బాలల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. ఫోలిక్ ఆమ్లము రక్తహీనతలో మూలుగను చక్కబరచుచున్నది గదా, ఈ బిడ్డలకును ఇచ్చి చూతమని ఆయన తలచెను. లెడర్లీనుండి ఆ జాతి పదార్థములను తెప్పించి యిచ్చెను. ఫలితము భయంకరము. కొందరు బిడ్డలలో క్యాన్సరు కణములు మునుపటికంటె వేగముగ పెరిగినట్లు ఆయనకు తోచెను. మందు రోగిని కాక రోగమును పోషించినది!

ఇట్టి చోటనే శాస్త్రజ్ఞుని వివేకము తేలును. ఈ ఆమ్లము క్యాన్సరు కణమునకు ఆహారమైనచో, ఆ ఆహారమును దానికి అందకుండ చేసిన నేమగును? శరీరమునుండి ఫోలిక్ ఆమ్లమును పూర్తిగ తీసివేయుట సాధ్యము కాదు. కాని దొంగ తాళపుచెవిని చేయవచ్చును. నిజమైన చెవివలెనే కనబడి, తాళములో దూరి, తిరుగక, అందులోనే విరిగిపోవు చెవి. అది యున్నంతకాలము అసలు చెవికి కూడ దారి యుండదు. సుబ్బారావు బృందము ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక మూల నున్న చిన్న భాగమును మాత్రము మార్చి, అమినోప్టెరిన్ అను దొంగచెవిని 1947లో తయారుచేసెను. ఆ తాళమేదో తరువాత తెలిసినది: అది కణములోని ఒక ఎంజైము. ఒక కణము రెండు కావలెనన్నచో, ముందుగ తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తీసికొనవలెను. ఆ నకలునకు కావలసిన ఇటుకలలో ఒకటి ఫోలిక్ ఆమ్లపు సహాయము లేనిదే తయారు కాదు. ఎంజైము స్తంభించినచో ఇటుక రాదు. ఇటుక లేనిదే నకలు పూర్తికాదు. నకలు పూర్తికాని కణము విభజనకు పూనుకొని నశించును. వేగముగ విభజించు కణమునకు ఈ దెబ్బ ముందుగ తగులును.

దెబ్బ వేగముగ పెరుగు మంచికణములకును తగులును. నోటిలోని పొర పుండ్లు పడును, ప్రేగులు చెడును, మూలుగ తగ్గిపోవును. మందు మోతాదునకు, విషపు మోతాదునకు నడుమ దూరము జానెడు. ఫార్బర్ తోడి వైద్యులు కొందరు, ఎటులను చనిపోవు బిడ్డలను ఈ విధముగ బాధించుట తగదని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ హృదయము లేనివారిది కాదు. ఎవరి పక్షము న్యాయమో ఆనాడు నిర్ణయించుట సులభము కాదు. 1947 డిసెంబరు చివర ఫార్బర్ ఒక చిన్న బాలునికి అమినోప్టెరిన్ ఎక్కించెను. కొలది దినములలోనే రక్తములోని క్యాన్సరు కణములు తగ్గసాగెను. మంచము పట్టిన పిల్లవాడు లేచి నడిచెను. 1948 జూన్ 3వ తేదీన వెలువడిన వ్యాసములో ఫార్బర్ పదునారుగురు బిడ్డలకు ఈ మందిచ్చినట్లును, వారిలో పదిమందికి మేలు కనబడినట్లును ప్రకటించెను. ఆ మేలు తాత్కాలికమే. కొన్ని నెలలకు రోగము తిరుగబడెను. అయినను బిడ్డల రక్త క్యాన్సరును ఒక రసాయనముతో వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసెను. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావు పేరు లేదు.

రోగమెందుకు తిరుగబడెను? క్యాన్సరు కణము బ్రతుకుటకు పన్నుగడలు పన్నును. కొన్ని కణములు మందు లోనికి వచ్చు ద్వారమునే మూసికొనును. కొన్ని ఆ ఎంజైమును మందునకు మించి పుట్టించును. తాళములు వందలున్నచో పది దొంగచెవు లేమి చేయగలవు? ఈ రెండవ ఉపాయమునకు మూలము, కణము తనలోని ఒక జన్యువును పలుమార్లు నకలు తీసికొనుటయే యని 1978లో స్పష్టమయ్యెను. అందుచేతనే నేటి వైద్యులు ఒక్క మందును నమ్ముకొనక, వేర్వేరు దారులలో దెబ్బతీయు పలు మందులను కలిపి యిత్తురు. ఆ కలయికలో అమినోప్టెరిన్‌నకు బదులుగ దాని తోబుట్టువైన మిథోట్రెక్సేటు చేరెను. ఇదియు సుబ్బారావు కాలమున లెడర్లీలో మొదలైన పరిశోధనా ఫలమే. మోతాదు అదుపులో నుంచుకొనుటకు మేలైనది. 1956లో లీ, హెర్ట్స్ అను వైద్యులు గర్భిణీస్త్రీల మాయనుండి పుట్టు ఒక క్యాన్సరును ఈ మందొక్కదానితోనే లొంగదీసిరి.

లెడర్లీలో ఆ యేండ్లలో జరిగిన పని యింతటితో తీరలేదు. సుబ్బారావు బృందము 1947లో హెట్రజాన్ అను మందును ప్రకటించెను. దోమకాటువలన వచ్చు బోదవ్యాధిని కలిగించు సూక్ష్మక్రిములను అది రక్తమునుండి తొలగించును. గోదావరి ప్రాంతపు పల్లెలలో ఏనుగుకాళ్లతో నడువలేక నడచు మనుష్యులను ఆయన చిన్ననాట చూచియే యుండును. ప్రభుత్వమువారు బోదవ్యాధి నివారణకు ఇంటింట పంచు డి.ఇ.సి. మాత్ర అదియే. 1948 వేసవిలో బెంజమిన్ డుగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడి యయ్యెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఆ పరిశోధనకు అండగ నిలిచినవాడును సుబ్బారావే.

ఆ వేసవిలోనే, 1948 ఆగస్టులో, ఒకనాటి రాత్రి నిద్రలో గుండె ఆగి సుబ్బారావు మరణించెను. వయసు ఏబదిమూడేండ్లు. దేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది కాలేదు. ఇరువదియారేండ్ల ప్రవాసములో ఆయన ఒక్కమారైనను స్వదేశమునకు రాలేదు. శేషగిరి ఆయనను మరల చూడలేదు.

1953లో లెడర్లీ సంస్థలోని శాస్త్రజ్ఞుడొకడు తాను గుర్తించిన ఒక కొత్త శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరిడెను. భారత ప్రభుత్వము ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలాబిళ్లను వెలువరించెను. బంజారాహిల్సు మీదుగ జూబ్లీహిల్సునకు పోవువారికి దారిలో బసవతారకం క్యాన్సరు వైద్యశాల కనబడును. అట్టి వైద్యశాలలలో రక్త క్యాన్సరునకు చికిత్స పొందు బిడ్డలు, మొదటి నెలల కఠినచికిత్స ముగిసి ఇంటికి వెళ్లిన తరువాత కూడ, రమారమి రెండేండ్లపాటు వారమునకొకసారి మిథోట్రెక్సేటు మాత్రలు మ్రింగుదురు. ఫార్బర్ నాడు ఎవరును బ్రతుకని ఈ వ్యాధినుండి, చికిత్స సక్రమముగ అందిన చోట్ల నేడు పదిమందిలో తొమ్మండుగురు బిడ్డలు బయటపడుచున్నారు.